మెషీనింగ్ బయటికి ఇస్తే లాభం నిజంగా పెరుగుతుందా? లీన్, జాబ్‌వర్క్, కాస్ట్ షీట్ల మీద ఒక సందేహం

పంపుల_ఫైనాన్స్ (ప్రశ్న)

నమస్కారం. హైదరాబాద్ శివార్లలో పంపులు తయారుచేసే ఒక మధ్యతరహా కంపెనీలో ఆర్థిక విభాగం చూస్తున్నాను. మా పంపు బాడీలకు, ఇంపెల్లర్లకు కావలసిన పోతలను మొదటి నుంచీ బయటి ఫౌండ్రీలే పోసి ఇస్తున్నాయి. వాటిని టర్నింగ్, బోరింగ్, డ్రిల్లింగ్ చేసుకోవడం, ఆ తర్వాత అసెంబ్లీ, టెస్టింగ్ మాత్రం మా షెడ్డులోనే జరుగుతున్నాయి.

మా యాజమాన్యం పిలిపించిన సలహాదారు ఒకరు ఇటీవల నివేదిక ఇచ్చారు. అందులో రెండు సిఫార్సులు ఉన్నాయి. ముడిసరుకు, సగం పని అయిన సరుకు, తయారైన పంపులు అన్నీ కలిపి ఇప్పుడు 3 కోట్ల రూపాయల విలువైన నిల్వ ఉంటోంది కాబట్టి దాన్ని 1.8 కోట్లకు దించాలన్నది మొదటిది. మెషీనింగ్ సెక్షన్‌ను మూసివేసి ఆ పనిని చర్లపల్లి, బాలానగర్ ప్రాంతాల్లోని చిన్న యూనిట్లకు జాబ్‌వర్కుగా (ముక్కకు ఇంత అని కూలి ఇచ్చి చేయించుకునే పనిగా) ఇవ్వాలన్నది రెండోది. ఈ రెండింటినీ కలిపి ఆయన "లీన్ కార్యక్రమం" (లీన్ అంటే వృథాను తగ్గించే తయారీ పద్ధతి) అని పేరు పెట్టారు.

మా కాస్ట్ షీటు (ముక్కకు అయ్యే ఖర్చుల పట్టిక) ప్రకారం ఒక పంపు బాడీని మెషీన్ చేయడానికి మాకు 420 రూపాయలు పడుతోంది. అందులో కరెంటు, కటింగ్ టూల్స్, కూలెంటు కలిపి 70, కార్మికుల వేతనం 95, ఓవర్‌హెడ్ (ఉమ్మడి ఖర్చుల) వాటా 255. బయటి కొటేషన్ 310. నెలకు 4,000 బాడీలు చేస్తాం కనుక నెలకు 4.4 లక్షలు ఆదా అవుతుందని నివేదిక చెబుతోంది. ఈ ఆదా నిజమైనదేనా? మెషీనింగ్ బయటికి ఇవ్వడం లీన్‌లో భాగమేనా? నిల్వలు తగ్గిస్తే ఈ ఆర్థిక సంవత్సరంలోనే లాభం పెరిగి కనిపిస్తుందని యాజమాన్యం మా బ్యాంకుకు ఇప్పటికే చెప్పి ఉంది. అది జరిగే పనేనా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

కాస్ట్‌షీట్_పంతులు

420లోంచి 310 తీసేస్తే 110 మిగులుతుందనే లెక్కలో, ఆ 420 రూపాయలూ ముక్క వెంటే మీ గేటు దాటి వెళ్లిపోతాయన్న ఊహ దాగి ఉంది. వాటిలో ఏవి నిజంగా వెళతాయో, ఏవి మీ దగ్గరే కూర్చుంటాయో విడదీయకుండా ఈ నిర్ణయం తీసుకోకూడదు.

టూల్స్, కరెంటు 70 రూపాయలు తప్పకుండా ఆగిపోతాయి. వేతనం 95 ఆగుతుందా లేదా అన్నది మీ కార్మికులను ఏం చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. పర్మనెంటు వారిని అసెంబ్లీకి మార్చి అక్కడ అదనపు పని ఏమీ పుట్టించకపోతే జీతాల ఖాతాలో ఒక్క రూపాయీ తగ్గదు. ఇక ఓవర్‌హెడ్ 255లో షెడ్డు అద్దె, యంత్రాల తరుగుదల, సూపర్‌వైజర్ల జీతాలు, నాణ్యతా విభాగం, స్టోర్స్, హెడ్డాఫీసు వాటా ఉండి ఉంటాయి. వీటిలో మెషీనింగ్ మూసేస్తే ఆగేవి యంత్రాల మరమ్మతు ఒప్పందాలు, విడిభాగాల వంటివే. వాటిని 35 అనుకుందాం. అంటే మీరు నిజంగా తప్పించుకోగలిగే ఖర్చు కార్మికులు కూడా వెళ్లిపోయిన పక్షంలో 200, వెళ్లకపోతే 105.

అటువైపు 310తో పని అయిపోదు. ఆటో ట్రాలీ రానుపోను కిరాయి, వచ్చిన సరుకు తనిఖీ, చలానాలు రాసే మనిషి, ఇవన్నీ కలిపి ముక్కకు మరో 20 వేసుకోండి. 330 ఇచ్చి 200 మిగుల్చుకుంటే ముక్కకు 130 చొప్పున నెలకు 5.2 లక్షల నష్టం. కార్మికులు మీ దగ్గరే ఉంటే ఆ నష్టం 9 లక్షలు. నివేదికలోని 4.4 లక్షల ఆదా ఎక్కడికి పోయిందని అడిగితే, అది మొదటి నుంచీ లేదు. నా అంచనాల్లో 20, 35 వంటి అంకెలను మీ వాస్తవ ఖర్చులతో మార్చుకోండి, కానీ లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

అంతటితో ఆగితే బాగుండేది. వెళ్లని 220 రూపాయల ఓవర్‌హెడ్, అంటే నెలకు 8.8 లక్షలు, మరుసటి ఏడాది కాస్ట్ షీటులో మిగిలిన సెక్షన్ల మీద పంచబడుతుంది. అప్పుడు ఇంపెల్లర్ బ్యాలెన్సింగో, పెయింటింగో ఉన్నట్టుండి ఖరీదైనదిగా కనిపిస్తుంది. దానికీ బయటి కొటేషన్ చౌకగానే వస్తుంది. దాన్నీ పంపిస్తారు. ఒక్కో పనినీ సాగనంపుతూ పోయి, చివరికి షెడ్డు అద్దె కట్టడానికి నాలుగు అసెంబ్లీ బల్లలు మాత్రమే మిగిలిన కంపెనీలు మన పారిశ్రామికవాడల్లో ఉన్నాయి. ప్రతి నిర్ణయమూ విడిగా చూస్తే కాగితం మీద సరైనదే.

అయితే బయటికి ఇవ్వడమే తప్పని నేను అనడం లేదు. మీ యంత్రాలు పాతబడి కొత్తవి కొనాల్సిన స్థితిలో ఉంటే ఆ పెట్టుబడి తప్పించుకోగలిగేదే అవుతుంది. పాత తరుగుదల వేరు, రాబోయే పెట్టుబడి వేరు. ఖాళీ అయిన స్థలంలో అసెంబ్లీ పెంచి, ఇప్పుడు తిప్పి పంపుతున్న ఆర్డర్లను పట్టుకోగలిగితే ఆ అమ్మకాల మార్జిన్‌ను ఆదాలో కలపవచ్చు. షెడ్డులో ఒక భాగాన్ని నిజంగా ఖాళీ చేసి అద్దె తగ్గించుకోగలిగినా అంతే. ఇవేవీ లేనప్పుడు కొటేషన్ చూసి మురిసిపోకూడదు.

మీ మూడో ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే యాజమాన్యం బ్యాంకుకు మాట ఇచ్చిందన్నారు. నిల్వల విలువ కట్టే అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 అయినా, ఇండ్ ఏఎస్ 2 అయినా, సరుకు నిల్వ విలువలో ఫ్యాక్టరీ స్థిర ఖర్చుల వాటా కూడా కలిసి ఉంటుంది. నిల్వ పెరుగుతున్న ఏడాదిలో ఆ ఏడాది ఖర్చులో కొంత బ్యాలెన్స్ షీటులో దాక్కుంటుంది, కాబట్టి లాభం ఉబ్బి కనిపిస్తుంది. నిల్వ తగ్గించిన ఏడాదిలో దాక్కున్నదంతా బయటికి వచ్చి లాభనష్టాల ఖాతా మీద పడుతుంది. మీ నిల్వ విలువలో స్థిర ఖర్చుల వాటా 40 శాతం అనుకుంటే, 1.2 కోట్ల తగ్గింపు వల్ల, అమ్మకాలు మారకపోయినా, ఈ ఏడాది లాభం సుమారు 48 లక్షలు తగ్గి కనిపిస్తుంది. అదే సమయంలో మిగిలిన 72 లక్షల రూపాయల నగదు కొనుగోళ్లలో, చర ఖర్చుల్లో ఆదా అయి చేతిలోకి వస్తుంది. 10 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 7.2 లక్షలు మిగులు. లాభం తగ్గడం ఒక్కసారి పడే దెబ్బే, మరుసటి ఏడాది ఉండదు. కానీ లీన్ మొదలుపెట్టిన ఏడాదే లాభం పడిపోయిందని బోర్డు బెదిరిపోయి కార్యక్రమాన్ని ఆపేసే ప్రమాదం ఇక్కడే ఉంది. మాట ఇచ్చినవారికి ఈ విషయం ఇప్పుడే చెప్పడం మేలు.

చర్లపల్లి_జాబ్‌వర్క్

నేను గీతకు అటువైపు ఉన్నవాణ్ణి. మీలాంటి కంపెనీలకు సీఎన్‌సీ టర్నింగ్, వీఎంసీ పనులు (కంప్యూటర్ నడిపే యంత్రాల మీద కోత పనులు) చేసిపెడతాను. పంతులు గారి లెక్కతో నాకు పేచీ లేదు, అయితే 310 రూపాయల కొటేషన్ ఎలా వస్తుందో కూడా మీరు తెలుసుకోవాలి. హెడ్డాఫీసు లేదు, సూపర్‌వైజరూ నేనే, యంత్రం మూడు షిఫ్టులూ తిరుగుతుంది, ఒక కస్టమర్ ఆర్డర్ తగ్గితే మరొకరి పని ఎక్కిస్తాను. చౌక అక్కడి నుంచి వస్తుంది, మంత్రం ఏమీ లేదు.

లీన్ పేరుతో మా మీద పడేది ఏమిటో చెబుతాను. పెద్ద కంపెనీ ఒకటి "ఇకపై మేము నిల్వ ఉంచుకోము, రోజూ ఉదయం ఆ రోజుకు కావలసిన ముక్కలు తెచ్చివ్వండి" అని కాగితం పంపింది. రోజూ ఒకే ముక్కకు సెట్టింగ్ మార్చడం నాకు సాధ్యం కాదు. ఒకసారి ఫిక్చర్ (ముక్కను పట్టి ఉంచే అమరిక) బిగించి, ఆఫ్‌సెట్లు (టూల్ కొలతల సర్దుబాట్లు) సరిచేసి, మొదటి ముక్క కొలిచి ఓకే అనిపించుకునేసరికి పూట గడిచిపోతుంది. కనుక పది రోజుల సరుకు ఒకేసారి చేసి నా షెడ్డులో పేర్చుకుని, రోజూ కొంచెం కొంచెం పంపేవాణ్ణి. ఆ కంపెనీ నిల్వ తగ్గింది, నా నిల్వ పెరిగింది. మొత్తం మీద ఒక్క ముక్క కూడా తగ్గలేదు. దాని వడ్డీని తర్వాతి కొటేషన్‌లో కలిపాను, ఎవరైనా కలుపుతారు.

చెల్లింపుల సంగతి కూడా. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. వాస్తవంలో ఆ వడ్డీ అడిగిన జాబ్‌వర్క్ వాడికి మళ్లీ ఆర్డర్ రాదు కాబట్టి ఎవరూ అడిగేవారు కాదు. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆదాయపు పన్నులో 43బీ(హెచ్) నిబంధన వచ్చాక కొంత మార్పు వచ్చింది. గడువు దాటి బాకీ పెట్టిన మొత్తాన్ని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపాలి కాబట్టి, మార్చి నెలలో మాకు ఫోన్లు ఎక్కువ వస్తున్నాయి. మీ సలహాదారు మా బాకీని 90 రోజులు సాగదీసి దాన్ని కూడా "ఆదా"లో వేసి ఉంటే, ఆ పేజీని ముందుగానే చించేయండి.

సియాటెల్_నుంచి

రెండో ప్రశ్న మీద ఎవరూ సూటిగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. బయటికి ఇవ్వడం, లీన్ రెండూ వేరు వేరు విషయాలు, తరచుగా ఒకదానికొకటి ఎదురు నిలిచే విషయాలు. ముక్క ఒక యంత్రం నుంచి పక్క యంత్రానికి ఆగకుండా సాగాలన్నది టయోటాలో తాయిచి ఓనో కట్టిన పద్ధతికి ప్రాణం. ఆయన లెక్కపెట్టిన ఏడు వృథాల్లో రవాణా, నిరీక్షణ, నిల్వ ఉన్నాయి. చర్లపల్లికి పంపి తెప్పించుకోవడంలో ఆ మూడూ పెరుగుతాయి.

టయోటా కూడా విడిభాగాల్లో ఎక్కువ శాతం బయటే చేయిస్తుంది కదా అంటారు. నిజమే, కానీ ఆ "బయట" ఎలాంటిదో చూడాలి. డెన్సో 1949లో టయోటా నుంచే విడిపోయిన కంపెనీ. ఐసిన్‌లోనూ టయోటాకు వాటా ఉంది. చాలామంది సరఫరాదారులు ఆ చుట్టుపక్కలే ఉంటారు. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కరియాలో ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడింది. టయోటా కార్ల వెనుక బ్రేకుల్లో ఒత్తిడిని అదుపు చేసే చిన్న వాల్వు దాదాపు మొత్తం అక్కడే తయారయ్యేది, టయోటా దగ్గర ఉన్న నిల్వ చాలా తక్కువ. దానితో జపాన్‌లోని టయోటా ప్లాంట్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. అయితే వందలాది కంపెనీలు డ్రాయింగులు పంచుకుని, అంతకు ముందు ఎన్నడూ ఆ వాల్వు చేయనివారు కూడా, కుట్టుమిషన్లకు పేరున్న బ్రదర్‌తో సహా, చేసి అందించాయి. వారం గడిచేసరికి లైన్లు మళ్లీ తిరగడం మొదలైంది. కొటేషన్లలో ఎవరిది తక్కువైతే వారికి ఆర్డర్ ఇచ్చి, మరుసటి నెల మరొకరికి మార్చే కంపెనీకి అలాంటి సాయం ఎవరు చేస్తారు?

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ బోయింగ్ 787. విమానంలోని పెద్ద పెద్ద భాగాలను జపాన్, ఇటలీ, అమెరికాలోని సౌత్ కరోలైనా వంటి చోట్ల భాగస్వాములు రూపకల్పనతో సహా చేసి పంపితే, ఎవరెట్‌లోని బోయింగ్ ఫ్యాక్టరీలో వాటిని కలిపితే చాలన్నది ప్రణాళిక. పెట్టుబడి భారం పంచుకోవడం, తన ఆస్తుల మీద రాబడి నిష్పత్తి పెంచుకోవడం దాని ఉద్దేశాలు. 2007 జులై 8న లోకానికి చూపించిన విమానంలో తాత్కాలిక ఫాస్టెనర్లు చాలా ఉన్నాయి, భాగాలు సగం పనితో వచ్చాయి. 2008లో ఇవ్వాల్సిన మొదటి విమానం 2011 సెప్టెంబరులో ఆల్ నిప్పాన్ ఎయిర్‌వేస్‌కు చేరింది. ఈలోగా 2009లో ఆ భాగస్వాముల్లో ఒకటైన వాట్ కంపెనీ సౌత్ కరోలైనా యూనిట్‌ను బోయింగ్ స్వయంగా కొనుక్కోవాల్సి వచ్చింది. 2005లో బోయింగ్ అమ్మేసిన విచిటా ఫ్యాక్టరీ స్పిరిట్ ఏరోసిస్టమ్స్‌గా మారింది. దాన్నీ తిరిగి కొనేందుకు 2024 జులైలో 470 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే విషయం. 2001లోనే బోయింగ్ ఇంజనీరు ఎల్.జె. హార్ట్-స్మిత్ కంపెనీ అంతర్గత సదస్సులో ఒక పత్రం చదివారు. పనిని బయటికి పంపితే దానితో పాటు లాభం కూడా బయటికి వెళుతుందనీ, మిగిలిన చిన్న ఆస్తి మీద రాబడి శాతం పెరిగినట్టు కనిపించడం లాభం పెరగడం కాదనీ, సరఫరాదారులకు అవసరమైన సాంకేతిక సాయం, తనిఖీ, సమన్వయం ఖర్చులు ప్రధాన కంపెనీ మీదే పడతాయనీ ఆయన వాదించారు. మీ సలహాదారు నివేదికలో "ఆస్తుల మీద రాబడి" అనే వరుస ఉంటే, హారం తగ్గడం వల్ల ఎంత పెరిగింది, లవం పెరగడం వల్ల ఎంత పెరిగింది అని విడివిడిగా అడగండి.

పంపుల_ఫైనాన్స్

అందరికీ కృతజ్ఞతలు. నివేదికలో ఆ వరుస ఉంది, అది హారం వల్లే పెరిగింది. పంతులు గారి పద్ధతిలో మా అంకెలు వేసి చూస్తే నెలకు సుమారు 4 లక్షల నష్టమే తేలుతోంది, కాబట్టి పంపు బాడీల విషయం ప్రస్తుతానికి పక్కన పెట్టమని రాస్తున్నాను. కానీ నెలకు వందల్లో మాత్రమే వచ్చే ప్రత్యేక సైజు కవర్లు, ఫ్లాంజులు ఉన్నాయి. వాటి కోసం బోరింగ్ మెషీన్‌ను ఆపి సెట్టింగ్ మార్చడమే మాకు పెద్ద తలనొప్పి. వాటిని బయటికి ఇవ్వవచ్చా? నిల్వల తగ్గింపు విషయంలో బ్యాంకుతో మరేదైనా చిక్కు ఉందా?

కాస్ట్‌షీట్_పంతులు

ఉంది, అది లాభం కన్నా ముందు తగులుతుంది. క్యాష్ క్రెడిట్ ఖాతా మీద మీరు నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌ను బట్టే డ్రాయింగ్ పవర్, అంటే ఆ ఖాతా నుంచి మీరు తీసుకోగలిగే మొత్తం, నిర్ణయమవుతుంది. మార్జిన్ (సరుకు విలువలో బ్యాంకు అప్పివ్వని భాగం) 25 శాతమైతే, సరుకు ఇచ్చినవారికి మీరున్న బాకీలు పక్కన పెట్టి చూసినా, 1.2 కోట్ల నిల్వ తగ్గితే డ్రాయింగ్ పవర్ 90 లక్షలు తగ్గుతుంది. చేతికి వచ్చిన నగదు 72 లక్షలే. పరిమితి అంచుల దాకా వాడుకుంటున్న కంపెనీ అయితే 18 లక్షల లోటు ఏర్పడుతుంది. లీన్ గురించి చెప్పేవారిలో ఈ సంగతి ఎత్తేవారు అరుదు. దారి ఏమిటంటే, ఏళ్ల తరబడి కదలని పాత సరుకును ముందు వదిలించుకోండి. చాలా బ్యాంకులు దాన్ని ఎలాగూ డ్రాయింగ్ పవర్‌లో లెక్కించవు, కనుక అది పోతే మీకు నగదు వస్తుందే తప్ప పరిమితి తగ్గదు. కదిలే సరుకును తర్వాత, త్రైమాసికానికి కొంత చొప్పున తగ్గించండి.

సెట్టింగ్ సమయం విషయంలో, బయటికి ఇచ్చేముందు దాన్ని తగ్గించే ప్రయత్నం చేయండి. టయోటాలో షిగెయో షింగో వెయ్యి టన్నుల ప్రెస్సు డై మార్పిడిని నాలుగు గంటల నుంచి మూడు నిమిషాలకు తెచ్చారు. అంత అవసరం లేదు; యంత్రం ఆపిన తర్వాత టూల్స్ వెతుక్కోవడం మాని, ఆపకముందే ట్రాలీలో పేర్చి ఉంచుకుంటే సగం సమయం మిగులుతుంది. మీది సూక్ష్మ, చిన్న, మధ్యతరహా వర్గంలోకి వచ్చి ఉద్యమ్ (అలాంటి సంస్థలకు కేంద్రం ఇచ్చే) నమోదు ఉంటే, కేంద్రం 2023 మార్చిలో పునరుద్ధరించిన లీన్ పథకంలో సలహాదారు ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది.

చర్లపల్లి_జాబ్‌వర్క్

చిన్న లాట్ల కవర్లు, ఫ్లాంజులు బయటికి ఇవ్వడం నా దృష్టిలో సరైన పనే, ఎందుకంటే మీ బోరింగ్ మెషీన్ గంటలు బాడీలకు మిగులుతాయి. కానీ పర్చేజ్ ఆర్డర్‌లో రెండు విషయాలు రాయించుకోండి. ఒకటి, బ్లోహోల్స్, అంటే పోత లోపల గాలి వల్ల మిగిలే రంధ్రాలు. మీ షెడ్డులో అయితే రంధ్రం బయటపడిన వెంటనే ఆపరేటర్ సూపర్‌వైజర్‌ను పిలుస్తాడు, ఫౌండ్రీవాడికి ఫోన్ వెళుతుంది. బయటికి ఇచ్చాక ముక్క ముగ్గురి మధ్య బంతి అవుతుంది. మెషీనింగ్‌లో బయటపడిన పోత లోపానికి అప్పటి వరకు చేసిన ఆపరేషన్ల డబ్బు జాబ్‌వర్క్ యూనిట్‌కు ఇవ్వాలని, సైజు తప్పిన ముక్కకు మాత్రం పోత ధరతో సహా డెబిట్ నోటు వేస్తామని స్పష్టంగా రాయండి. రెండు రకాలకూ వేరు రంగుల పెయింటు గుర్తు వేసి, వేరు చలానాల మీద తిప్పి పంపమనండి, లేకపోతే నెలాఖరున ఏది ఎవరి తప్పో తేలదు.

రెండోది బోరింగ్ తుక్కు. అది మీకు తిరిగి వస్తుందా, నేను అమ్ముకుంటానా అన్నది ధర మాట్లాడేటప్పుడే తేల్చుకోండి. జీఎస్టీలో రిజిస్టరైన జాబ్‌వర్క్ యూనిట్ తుక్కును తన దగ్గరి నుంచే పన్ను కట్టి అమ్మవచ్చు. పంపిన సరుకు మాత్రం ఏడాదిలోపు మీకు తిరిగి రావాలి, లేదా నా దగ్గరి నుంచే మీ కస్టమర్‌కు వెళ్లాలి. లేకపోతే మీరు పంపిన రోజునే అమ్మినట్టు లెక్క కడతారు. కవర్ల డ్రాయింగులు, నెలకు ఎన్ని కావాలో, పోత మీరిస్తారా నేను తెచ్చుకోవాలా అన్నది ఇక్కడ రాస్తే, సెట్టింగ్ ఖర్చు వేరుగా చూపించి కొటేషన్ ఎలా అడగాలో చెబుతాను.